ర్యామ్, హార్డ్ డిస్క్ రేట్లకు రెక్కలు.. ఏఐ దెబ్బ తిరుపతి, చిత్తూరు దుకాణాల దాకా

కంప్యూటర్ సామాను అంటే ఏటేటా రేటు తగ్గేదే అని అందరికీ ఒక నమ్మకం. ఇవాళ కాకపోతే ఆరు నెలలు ఆగి కొందాం, ఇంకా చవకగా వస్తుందిలే అనుకున్నవాళ్లకు ఇన్నాళ్లూ లాభమే జరిగింది. 2025 చివరి నెలల నుంచి ఆ లెక్క తిరగబడింది. ర్యామ్, ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్, మెమరీ కార్డు.. డేటాను పట్టి ఉంచే ప్రతి వస్తువు ధరా పెరుగుతోంది. కొన్ని రకాలైతే డబ్బులు చేతిలో పట్టుకుని తిరిగినా దొరకడం లేదు.

తిరుపతిలో, చిత్తూరులో ల్యాప్‌టాప్ బాగు చేయించుకోవడానికి వెళ్లినవాళ్లకు ఇప్పుడు వినిపిస్తున్న మాట ఒకటే: ‘ఈ రేటు ఇవాళ్టికే, రేపు మళ్లీ అడగండి’. ఇది కేవలం మన ఊరి దుకాణదారు మాట కాదు. జపాన్ రాజధాని టోక్యోలోని అకిహబారా అనే ప్రసిద్ధ ఎలక్ట్రానిక్స్ బజారులో కూడా 2025 నవంబరులో కొన్ని షాపులు ఒక్కో మనిషికి ఇన్నే ర్యాములు, ఇన్నే డిస్కులు అని పరిమితి పెట్టాయి. అసలు ఏం జరుగుతోంది? ఎందుకు జరుగుతోంది? చదువుకునే పిల్లలు, ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, సీసీ కెమెరాలు పెట్టుకున్న చిన్న వ్యాపారులు ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు తేడా తెలుసుకోవాలి

‘మెమరీ’ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు వస్తువులను పిలుస్తుంటారు. ధరలు ఎందుకు పెరిగాయో అర్థం కావాలంటే ముందు ఆ మూడింటినీ విడదీసి చూడాలి.

మొదటిది ర్యామ్. దీనిలో ఉండే చిప్పుల పేరు డీర్యామ్. కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ లెక్కలు పెట్టుకునే పలక లాంటిది. కరెంటు పోతే అందులో రాసిందంతా చెరిగిపోతుంది. 

రెండోది ఎస్ఎస్‌డీ. దీనిలో ఉండేవి నాండ్ ఫ్లాష్ చిప్పులు. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫోన్‌లోని స్టోరేజీ కూడా ఇదే జాతి. కరెంటు లేకపోయినా రాసింది నిలిచి ఉంటుంది. 

మూడోది హార్డ్ డిస్క్. ఇందులో చిప్పుల మీద కాదు, గుండ్రంగా తిరిగే పళ్లేల మీద అయస్కాంత పద్ధతిలో డేటా రాస్తారు. వేగం తక్కువ, కానీ ఎక్కువ డేటాను తక్కువ ఖర్చులో దాచుకోవచ్చు. సీసీ కెమెరాల డీవీఆర్‌లలో ఉండేది ఇదే. స్టూడియో వాళ్లు పెళ్లి వీడియోలు దాచేది కూడా ఎక్కువగా ఇందులోనే.

ఈ మూడింటినీ తయారు చేసే కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. డీర్యామ్‌లో 90 శాతానికి పైగా మార్కెట్ మూడు కంపెనీల చేతుల్లోనే ఉంది: దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. హార్డ్ డిస్కులూ అంతే. సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా.. ఈ మూడే. నాండ్ ఫ్లాష్‌లో ఇంకో రెండు మూడు పేర్లు కలుస్తాయి. కంపెనీలు ఇంత తక్కువగా ఉన్నప్పుడు పెద్ద కొనుగోలుదారు ఎవరైనా వచ్చి సరుకంతా ముందే మాట్లాడేసుకుంటే, మిగిలినవాళ్లు చూస్తూ ఉండాల్సిందే. ఇప్పుడు జరిగింది అదే.

సరుకు ఎవరు పట్టుకుపోతున్నారు?

ఆ పెద్ద కొనుగోలుదారు పేరు ఏఐ. అంటే కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు. మనం ఫోన్‌లో ప్రశ్న అడిగితే క్షణాల్లో జవాబు చెప్పే చాట్‌బాట్‌ల వెనక వేల సంఖ్యలో ప్రత్యేకమైన కార్డులు పని చేస్తుంటాయి. వాటిలో హెచ్‌బీఎం అనే ఖరీదైన మెమరీ వాడతారు. డీర్యామ్ చిప్పులనే ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పేర్చి తయారు చేసేదే ఈ హెచ్‌బీఎం.

ఇక్కడే చిక్కు వచ్చింది. హెచ్‌బీఎం తయారయ్యేదీ, మన ల్యాప్‌టాప్ ర్యామ్ తయారయ్యేదీ అదే కంపెనీల ఫ్యాక్టరీల్లో, అదే రకం సిలికాన్ పళ్లేల మీద. ఈ పళ్లేన్నే వేఫర్ అంటారు. మామూలు డీడీఆర్5 ర్యామ్‌తో పోలిస్తే, అంతే సామర్థ్యం ఉన్న హెచ్‌బీఎం తయారీకి దాదాపు మూడు రెట్లు వేఫర్ కావాలని మైక్రాన్ కంపెనీయే చెప్పింది.

ఒక చిన్న లెక్క వేస్తే విషయం తేలుతుంది. ఎన్విడియా కంపెనీ బీ200 అనే ఒక్క ఏఐ చిప్పులో 192 జీబీ హెచ్‌బీఎం ఉంటుంది. అలాంటివి 8 పెట్టిన ఒక్క సర్వర్‌లో 1,536 జీబీ. విద్యార్థి కొనే మామూలు ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటుందనుకుంటే ఇది 192 ల్యాప్‌టాప్‌ల ర్యామ్‌తో సమానం. వేఫర్ మూడు రెట్లు పడుతుంది కాబట్టి, ఆ ఒక్క సర్వర్ కోసం ఖర్చయిన సిలికాన్‌తో 576 ల్యాప్‌టాప్‌లకు ర్యామ్ చేయవచ్చు. ఒక ఇంజనీరింగ్ కాలేజీలోని కంప్యూటర్ ల్యాబులన్నీ కలిపినా అన్ని సిస్టమ్‌లు ఉండకపోవచ్చు. డేటా సెంటర్లు అలాంటి సర్వర్లను వేలల్లో కొంటున్నాయి.

2025 అక్టోబర్ 1న చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్ఏఐ కంపెనీ, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ఒక అవగాహనకు వచ్చింది. తమ ‘స్టార్‌గేట్’ ప్రాజెక్టు కోసం నెలకు 9 లక్షల వేఫర్ల దాకా డీర్యామ్ అవసరం ఉంటుందని అప్పుడు ప్రకటించారు. అదంతా ఒక్కరోజులో జరిగేది కాకపోయినా, ఆ అంకె వినగానే మార్కెట్‌లో అందరూ ముందు జాగ్రత్త పడ్డారు. కంప్యూటర్ కంపెనీలు, ఫోన్ కంపెనీలు అవసరానికి మించి నిల్వ పెట్టుకోవడం మొదలుపెట్టాయి. కొరత భయం కొరతను ఇంకా పెంచింది.

డిసెంబర్ 3న ఇంకో దెబ్బ పడింది. మైక్రాన్ కంపెనీ ‘క్రూషియల్’ అనే తన బ్రాండ్‌ను వినియోగదారుల మార్కెట్ నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి చివరి దాకా మాత్రమే సరుకు పంపుతామని చెప్పింది. పాత ల్యాప్‌టాప్‌లకు ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చేవాళ్లకు క్రూషియల్ బాగా తెలిసిన పేరు. ఇప్పటికే కొన్నవాటికి వారంటీ సేవలు కొనసాగుతాయని కంపెనీ చెప్పింది కాబట్టి వాళ్లు కంగారు పడాల్సిన పని లేదు, బిల్లు మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

అమెరికా మార్కెట్‌లో 2025 వేసవిలో సుమారు 100 డాలర్లకు దొరికిన 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ సెట్టు ఏడాది చివరికి 300 డాలర్లు దాటింది. 2026 మొదటి మూడు నెలల్లో మామూలు డీర్యామ్ కాంట్రాక్టు ధరలు అంతకు ముందు మూడు నెలల కంటే ఇంకో 55 నుంచి 60 శాతం పెరుగుతాయని ట్రెండ్‌ఫోర్స్ అనే పరిశోధన సంస్థ జనవరిలో అంచనా వేసింది. దీనికి తోడు 2025 డిసెంబరులో రూపాయి విలువ డాలరుకు 90 దాటి పడిపోయింది. వచ్చేదంతా డాలర్లలో కొనే సరుకే కాబట్టి ఆ భారం కూడా మన మీదే పడింది. ఆపైన 18 శాతం జీఎస్టీ. అసలు ధర పెరిగితే పన్ను కూడా దాంతోపాటే పెరుగుతుంది.

మదనపల్లె టమాటా లెక్కే

మెమరీ చిప్పుల వ్యాపారం ఎలా నడుస్తుందో చిత్తూరు ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మదనపల్లె టమాటా మార్కెట్‌ను చూసినవాళ్లకు సులువుగానే అర్థమవుతుంది. ఒక సీజన్‌లో రేటు బాగుంటే అందరూ టమాటానే వేస్తారు. పంట ఒకేసారి వచ్చి పడుతుంది. కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. తర్వాతి సీజన్‌లో భయపడి వేయడం తగ్గిస్తారు. అప్పుడు కొరత వచ్చి రేటు ఆకాశానికి ఎక్కుతుంది. 2023 జులై చివర్లో మదనపల్లెలో కిలో 200 రూపాయల దగ్గరికి వెళ్లింది ఇలాగే.

మెమరీ చిప్పులదీ అదే కథ. కరోనా కాలంలో అందరూ కంప్యూటర్లు, ఫోన్లు కొన్నారు. కంపెనీలు ఉత్పత్తి పెంచాయి. 2022 చివరికి గిరాకీ పడిపోయింది, గోడౌన్లు నిండిపోయాయి. 2023లో శాంసంగ్ చిప్పుల విభాగమే భారీ నష్టాల్లో కూరుకుపోయింది. మూడు కంపెనీలూ ఉత్పత్తి కోసేశాయి, కొత్త ఫ్యాక్టరీల పనులు నెమ్మది చేశాయి. మనం ఎస్ఎస్‌డీలను అతి చవకగా కొనుక్కున్నది ఆ రోజుల్లోనే. ఆ తర్వాత ఏఐ గిరాకీ ఒక్కసారిగా వచ్చి పడింది.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. టమాటా మూడు నెలల్లో చేతికొస్తుంది. చిప్పుల ఫ్యాక్టరీ కట్టి, యంత్రాలు దించి, సరుకు బయటికి రావాలంటే కనీసం రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే ఈ కొరత ఒక్క సీజన్‌తో పోయేది కాదు.

పాత ర్యామ్ కూడా ఎందుకు పెరిగింది?

‘మా ఇంట్లోది ఐదారేళ్ల పాత కంప్యూటర్. అందులోకి డీడీఆర్4 చాలు. కొత్త రకానికి రేటు పెరిగితే పాతదానికి ఎందుకు పెరగాలి?’ అని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. పెద్ద కంపెనీలు డీడీఆర్4 తయారీని క్రమంగా ఆపేయాలని ముందే అనుకున్నాయి. ఆ లైన్లను లాభం ఎక్కువ వచ్చే రకాలకు మార్చుకుంటూ వచ్చాయి. దాంతో 2025 మధ్యలోనే డీడీఆర్4 ధరలు పెరిగి, ఒక దశలో కొత్త రకం డీడీఆర్5 కంటే ఎక్కువ పలికాయి. కంపెనీలు ఆ తర్వాత తయారీని ఇంకొన్నాళ్లు పొడిగించినా పాత రేట్లు మాత్రం తిరిగి రాలేదు.

హార్డ్ డిస్క్ సంగతి వేరు. ఏఐకి పాఠం నేర్పాలంటే కోట్ల కొద్దీ ఫొటోలు, వీడియోలు, రాతలు ఎక్కడో ఒకచోట దాచాలి. అంత డేటాను ఎస్ఎస్‌డీల్లో దాస్తే ఖర్చు భరించలేరు. అందుకే డేటా సెంటర్లు పెద్ద పెద్ద హార్డ్ డిస్కులను టోకున కొంటున్నాయి. 2026లో తయారు చేయబోయే డిస్కులు దాదాపు అన్నీ ఇప్పటికే అమ్ముడైపోయాయని వెస్టర్న్ డిజిటల్ 2026 ఆరంభంలోనే ప్రకటించింది. హార్డ్ డిస్కులు దొరకని డేటా సెంటర్లు ఎస్ఎస్‌డీల వైపు తిరిగాయి. దాంతో ఎస్ఎస్‌డీలో వాడే నాండ్ చిప్పులకూ కరువొచ్చింది. ఒక చెరువు ఎండితే జనమంతా రెండో చెరువు మీద పడ్డట్టయింది.

పక్కనే ఫ్యాక్టరీలు ఉన్నా..

తిరుపతి జిల్లాలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2015లోనే షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. తిరుపతిలో డిక్సన్ కంపెనీ టీవీలు తయారు చేస్తోంది. ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ కంపెనీ డిస్‌ప్లే ప్యానెళ్ల ఫ్యాక్టరీ ఉంది. పక్కనే కడప కొప్పర్తిలో సీపీ ప్లస్ సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. మరి ఇన్ని ఫ్యాక్టరీలు ఉండగా మనకు మెమరీ కొరత ఎందుకు?

ఎందుకంటే ఇవన్నీ విడి భాగాలను తెచ్చి బిగించేవో, ప్యానెళ్లు, కెమెరాల్లాంటివి తయారు చేసేవో. డీర్యామ్, నాండ్ చిప్పులను వేఫర్ దశ నుంచి తయారు చేసే ఫ్యాక్టరీ మన దేశంలో ఇంకా ఒక్కటీ లేదు. గుజరాత్‌లోని సనంద్‌లో మైక్రాన్ పెట్టిన యూనిట్ బయట తయారైన వేఫర్లను తెచ్చి ప్యాకింగ్ చేసి, పరీక్షించేది. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. అది కూడా ప్యాకేజింగ్ యూనిట్టే. ఇవి మంచి అడుగులే, ఉద్యోగాలూ వస్తాయి. ఇప్పటి కొరతను మాత్రం ఇవి తీర్చలేవు.

పైగా మన ఫ్యాక్టరీల మీద కూడా దెబ్బ పడే ప్రమాదం ఉంది. ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో, ప్రతి స్మార్ట్ టీవీలో మెమరీ చిప్పులు ఉంటాయి. తక్కువ రేటు ఫోన్లలో లాభం అసలే తక్కువ. మెమరీ ఖర్చు పెరిగితే కంపెనీలు ఫోన్ రేటన్నా పెంచాలి, జీబీలన్నా తగ్గించాలి. మెమరీ ధరలు ఊహించిన దానికంటే ఎక్కువ పెరిగాయని షావోమీ యాజమాన్యం 2025 అక్టోబరులోనే బహిరంగంగా చెప్పింది. చవక ఫోన్లు తక్కువ అమ్ముడైతే వాటిని బిగించే లైన్లలో పని కూడా తగ్గవచ్చు. ఆ లైన్ల మీద పని చేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే అన్నది మర్చిపోకూడదు.

ఇంకో విచిత్రం చూడండి. 2025 అక్టోబర్ 14న విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లతో భారీ ఏఐ డేటా సెంటర్ కేంద్రం పెడుతున్నట్టు గూగుల్ ప్రకటించింది. రాష్ట్రానికి అది పెద్ద పెట్టుబడి. అదే రోజున మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు ఉచిత సపోర్టు ఆపేసింది. అంటే పాత కంప్యూటర్లు మార్చుకోవాల్సిన అవసరం వచ్చిన సమయంలోనే కొత్త కంప్యూటర్లలోకి పోవాల్సిన మెమరీ డేటా సెంటర్లకు పోతోంది.

ఎవరికి ఎక్కువ దెబ్బ?

మొదట విద్యార్థులు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె చుట్టుపక్కల ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీలకు లెక్కలేదు. తల్లిదండ్రులు అప్పో సప్పో చేసి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివించుకుంటున్న ఇళ్లలో ల్యాప్‌టాప్ అనేది పెద్ద ఖర్చు. అదే డబ్బుకు నిరుడు 16 జీబీ ర్యామ్ ఉన్నది వస్తే ఇప్పుడు 8 జీబీతో సరిపెట్టుకోవాల్సి వస్తోంది. ప్రాజెక్టుల కోసం పిల్లలు కొనే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కూడా పెరిగింది. 2025 డిసెంబర్ 1 నుంచి 8 జీబీ రకం 80 డాలర్ల నుంచి 95కు, 16 జీబీ రకం 120 నుంచి 145 డాలర్లకు చేరింది.

రెండోది ఫొటో, వీడియో స్టూడియోలు. 4కే వీడియో మంచి నాణ్యతతో తీస్తే గంటకు సుమారు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలతో ఆరు గంటలు తీస్తే ఒక్క పెళ్లికే 540 జీబీ. ఇదివరకు ఒరిజినల్ ఫుటేజీని ఏడాది, రెండేళ్లు దాచి ఉంచిన స్టూడియోలు ఇప్పుడు అంతకాలం డిస్కులను ఖాళీగా ఉంచలేవు. ఆల్బమ్ ఇచ్చేశాక పాతది చెరిపి కొత్త పెళ్లికి వాడుకోవాల్సి వస్తుంది. కాబట్టి పెళ్లివాళ్లు ‘స్టూడియోలో ఉంటుందిలే’ అని ధీమాగా ఉండకూడదు. ఎన్నాళ్లు దాస్తారో ముందే అడిగి, తమ కాపీ తాము తెచ్చుకోవాలి. 

మూడోది లాడ్జీలు, కిరాణా కొట్లు, బంగారం షాపుల సీసీ కెమెరాలు. ఒక మామూలు కెమెరా 2 ఎంబీపీఎస్ వేగంతో రోజంతా రికార్డు చేస్తే దాదాపు 21.6 జీబీ. 8 కెమెరాలకు రోజుకు 173 జీబీ. అంటే 1 టీబీ డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నెలరోజుల రికార్డు కావాలంటే 5 టీబీకి పైనే ఉండాలి. డిస్కు పాడైనా ‘రేటు తగ్గాక మారుద్దాం’ అని వదిలేస్తే కెమెరాలు చూస్తుంటాయి కానీ రికార్డు కావు. దొంగతనం జరిగిన రోజు ఆ సంగతి బయటపడితే లాభం లేదు.

నాలుగోది డీటీపీ, నెట్ సెంటర్లు. తెలుగుకు అను స్క్రిప్ట్, ఉర్దూకు ఇన్‌పేజ్ పెట్టుకుని పెళ్లి పత్రికలు, పాంప్లెట్లు, ప్రశ్నపత్రాలు చేసేవాళ్లు ఎక్కువగా పాత విండోస్ కంప్యూటర్ల మీదే బతుకుతున్నారు. ఈ సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం చేసినవి. వేరే దానికి మారడం అంత సులువు కాదు, కొత్త కంప్యూటర్ కొనడం అంతకన్నా కష్టం.

దుకాణదారు మోసం చేస్తున్నాడా?

‘పాత స్టాకును కొత్త రేటుకు అమ్ముతున్నారు’ అనే కోపం కొనేవాళ్లలో ఉంది. దుకాణదారు వైపు కూడా ఒక మాట ఉంది. ఇక్కడి చిన్న దుకాణాలకు సరుకు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు నుంచో, సికింద్రాబాద్ సీటీసీ నుంచో వస్తుంది. పాత రేటుకు అమ్మిన ఎస్ఎస్‌డీ స్థానంలో ఇంకొకటి తెచ్చుకోవాలంటే కొత్త రేటే కట్టాలి. పాత లెక్కన అమ్ముకుంటూ పోతే అమ్మిన డబ్బుతో మళ్లీ అంతే సరుకు రాదు. స్కూలుకో, ఆఫీసుకో నెల కిందట కొటేషన్ ఇచ్చిన దుకాణదారైతే ఇంకా ఇరుక్కుపోతాడు.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. ప్యాకెట్ మీద అచ్చయిన ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవడం తప్పు. కానీ కంప్యూటర్ సామాన్ల మీద ఎంఆర్‌పీ మామూలుగా బజారు రేటు కంటే చాలా ఎక్కువ వేసి ఉంటుంది. ఆ లోపల రేటు పెంచితే అది నేరం కాదు. ఎంఆర్‌పీ దాటితే, బిల్లు ఇవ్వకపోతే, నకిలీ సరుకు అంటగడితే మాత్రం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. ఏదైనా సరే, చేతిలో బిల్లు ఉండాలి.

కొరత వస్తే నకిలీలు వస్తాయి

2025 ఆరంభంలో జర్మనీలో ఒక వ్యవహారం బయటపడింది. వేల గంటలు వాడేసిన సీగేట్ హార్డ్ డిస్కులను లోపలి లెక్కలు చెరిపేసి కొత్తవిగా అమ్మారు. ఆ సరుకు తాము అమ్మింది కాదని కంపెనీ చెప్పింది. వాటిలో చాలావరకు 2021లో ‘చియా’ అనే క్రిప్టో నాణెం తవ్వడానికి వాడి పడేసినవని తేలింది. పెద్ద పేరున్న షాపుల ద్వారా కూడా అవి చేరాయంటే ఎవరైనా జాగ్రత్త పడాల్సిందే.

కొన్న వెంటనే చేయాల్సిన పనులు ఇవి:

- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘పవర్ ఆన్ అవర్స్’ చూడాలి. కొత్త డిస్కులో అది సున్నాకు దగ్గరగా ఉండాలి. 8,760 గంటలు అంటే ఏడాది పాటు ఆపకుండా నడిచిందని అర్థం. ఈ అంకెను కూడా చెరపగలరు కాబట్టి మిగతా పరీక్షలూ చేయాలి.

- సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడాలి. ‘వారంటీ లేదు’ అని వస్తే వెంటనే వాపసు ఇవ్వాలి.

- నమ్మలేనంత చవకగా 2 టీబీ పెన్‌డ్రైవ్ వస్తోందంటే అది నకిలీయే. పైకి 2 టీబీ అని చూపిస్తుంది, లోపల 32 జీబీయో, 64 జీబీయో ఉంటుంది. అది నిండాక రాసినదల్లా పోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది.

- సెకండ్ హ్యాండ్ కొనడం తప్పేమీ కాదు. ‘రిఫర్బిష్డ్’ అని చెప్పి, బిల్లు రాసి, కనీసం కొన్ని నెలల వారంటీ ఇచ్చే దుకాణంలో కొంటే మంచి బేరమే.

కొనాలా? ఆగాలా?

అవసరం ఉంటే కొనేయాలి. వచ్చే నెలలో తగ్గుతుందని ఆగడంలో లాభం కనబడటం లేదు. అవసరం లేకపోతే భయపడి కొని దాచుకోవద్దు. అందరూ అలా చేయడమే కొరతకు ఒక కారణం.

ల్యాప్‌టాప్ కొనే విద్యార్థి ముందుగా అడగాల్సింది ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందా అని. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. అలాంటిది 8 జీబీతో కొంటే జీవితాంతం అంతే. స్లాటు ఖాళీగా ఉన్నది తీసుకుంటే ఇప్పుడు 8 జీబీతో గడిపి, రేటు తగ్గాక ఇంకో 8 వేసుకోవచ్చు.

పాత కంప్యూటర్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే మొత్తం మార్చడం కంటే 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి వేయించడం మేలు. వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది. విండోస్ 11కు సరిపోని కంప్యూటర్లలో ఇంటర్నెట్, టైపింగ్, చదువు పనులకు ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి ఉచితంగా వేసుకోవచ్చు. యూనికోడ్‌లో తెలుగూ, ఉర్దూ రెండూ వాటిలో బాగానే పని చేస్తాయి. విండోస్ 10 తప్పనిసరైనవాళ్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం పెట్టింది. అందులో నమోదు చేసుకోవాలి.

సీసీ కెమెరాలు ఉన్నవాళ్లు డీవీఆర్ సెట్టింగుల్లో హెచ్.265 ఉంటే ఆన్ చేయించుకోవాలి. పాత హెచ్.264తో పోలిస్తే దాదాపు సగం చోటులోనే రికార్డు అవుతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే పద్ధతి పెడితే రాత్రిపూట ఇంకా మిగులుతుంది. కొత్త డిస్కు కొనకుండానే రోజులు పెరుగుతాయి. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారులు తమ నంబరుతో బిల్లు తీసుకుంటే, కాంపోజిషన్ పథకంలో లేనివాళ్లకు కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది.

ఉన్న డేటా జాగ్రత్త

డిస్కులు ఖరీదైనప్పుడు జనం మొదట మానేసేది బ్యాకప్. అసలు ప్రమాదం ఇదే. పోయిన డిస్కు ఇవాళ కాకపోతే రేపు కొనుక్కోవచ్చు, పోయిన ఫొటోలు, సర్టిఫికెట్లు, భూమి పత్రాల స్కాన్లు కొనలేం. 2021 నవంబరు వానలకు తిరుపతి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. కంప్యూటరూ, బ్యాకప్ డిస్కూ ఒకే టేబుల్ కింద ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. ముఖ్యమైనవాటికి ఒక కాపీ వేరే ఇంట్లో, బంధువుల దగ్గరైనా ఉండాలి.

అన్నింటినీ దాచాలంటే ఖర్చే. అందుకే ముందు ఏరివేత చేయాలి. వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు, ఒకే ఫొటోకు పది కాపీలు తీసేస్తే చాలామందికి సగం చోటు దొరుకుతుంది. సర్టిఫికెట్లు, ఆధార్, దస్తావేజుల్లాంటివి అన్నీ కలిపినా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో సులువుగా పడతాయి. డిజీలాకర్ ఉండనే ఉంది.

2025 అక్టోబర్ చివర్లో జియో తన 5జీ కస్టమర్లకు గూగుల్ ఏఐ ప్రో ప్లాన్‌తో పాటు 2 టీబీ క్లౌడ్ చోటు 18 నెలలు ఉచితమని ప్రకటించింది. వాడుకోవచ్చు. కానీ 18 నెలల తర్వాత డబ్బు కట్టాలి, లేదా డేటా అంతా వెనక్కి తెచ్చుకోవాలి. అప్పుడు దాన్ని పెట్టుకోవడానికి మళ్లీ డిస్కే కావాలి. ఉన్న ఒక్క కాపీనీ అక్కడే పెట్టి ఇంట్లోది చెరిపేయడం మంచిది కాదు. ఎస్ఎస్‌డీలో దాచి, ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడేయడం కూడా మంచిది కాదు. నాండ్ చిప్పుల్లో డేటా నెమ్మదిగా ఆవిరయ్యే ప్రమాదం ఉంది. ఆరు నెలలకోసారి పెట్టి చూసుకోవాలి.

ఎప్పటికి తగ్గుతాయి?

ఇలాంటి కొరత ఇదే మొదటిసారి కాదు. 2011 అక్టోబరులో థాయ్‌లాండ్‌ను వరదలు ముంచెత్తి వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలోకి, డిస్కు మోటార్లు చేసే ఫ్యాక్టరీల్లోకి నీళ్లొచ్చాయి. వారాల్లోనే హార్డ్ డిస్కుల రేట్లు రెట్టింపయ్యాయి. నీళ్లు పోయాయి, ఫ్యాక్టరీలు తెరుచుకున్నాయి, అయినా పాత రేట్లు రావడానికి చాలా నెలలు పట్టింది. 2021లో చియా నాణెం పిచ్చి వచ్చినప్పుడూ డిస్కులు కరువయ్యాయి. ఆ మోజు తగ్గగానే సరుకు తిరిగొచ్చింది.

ఈసారి ఫ్యాక్టరీలు ఏవీ మునిగిపోలేదు. పూర్తి సామర్థ్యంతో నడుస్తున్నాయి, సరుకే వేరే దారి పట్టింది. మైక్రాన్ అమెరికాలోని ఐడాహోలో, ఎస్‌కే హైనిక్స్ కొరియాలో కడుతున్న కొత్త ఫ్యాక్టరీల నుంచి చెప్పుకోదగ్గ సరుకు రావడానికి 2027, 2028 దాకా పట్టేలా ఉంది. ఆలోపు ఏఐ మీద పెడుతున్న డబ్బు తగ్గితే రేట్లు ముందే దిగవచ్చు. అప్పుడు మళ్లీ గోడౌన్లు నిండుతాయి, టమాటా కథే ఇంకోసారి నడుస్తుంది.

అప్పటిదాకా ఈ రెండు జిల్లాల్లో కంప్యూటర్ మీద ఆధారపడ్డ చిన్న కుటుంబాలకు దారి ఒక్కటే. ఉన్నదాన్ని బాగు చేయించుకుని వాడుకోవడం, కొనేది చూసి కొనడం, ముఖ్యమైన కాగితాలకూ జ్ఞాపకాలకూ ఇవాళే ఇంకో కాపీ తీసి పెట్టుకోవడం.